ప్రొఫెషనల్‌గా ఒక్క బౌట్ కూడా ఆడని స్టీవెన్సన్‌కి అంత పేరెందుకు?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "క్యూబా బాక్సర్ తియోఫిలో స్టీవెన్సన్ వరుసగా మూడు ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచాడట. అమెరికా ప్రొఫెషనల్ చాంపియన్ ముహమ్మద్ అలీతో ఆడితే లక్షల డాలర్లు ఇస్తామన్నా వద్దన్నాడట. ప్రొఫెషనల్ బెల్టు ఒక్కటీ లేని మనిషిని గొప్ప హెవీవెయిట్‌లలో ఎందుకు లెక్కేస్తారు? రిటైరయ్యాక కూడా ఆ అభిమానం ఎలా నిలిచింది? అలీతో ఆడితే గెలిచేవాడా? మా తమ్ముడు ఇంటర్ చదువుతూ బాక్సింగ్ చేస్తున్నాడు, ప్రొఫెషనల్‌లోకి పోతానంటున్నాడు, అందుకే అడుగుతున్నా."

నేను విశాఖలో ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు బాక్సింగ్ నేర్పిస్తున్నాను, అంతకుముందు కొన్నేళ్లు నేనూ రింగులో ఉన్నాను. స్టీవెన్సన్ పేరు నా పదహారో ఏట మా గురువుగారి నోట విన్నాను, అప్పటి నుంచి ఆయన బౌట్లు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సూటిగా జవాబు: ఆయనకు పేరు ముందు కుడిచేతి దెబ్బతో వచ్చింది. 1972 నుంచి 1986 దాకా, అంటే 20 ఏళ్ల వయసు నుంచి 34 దాకా, అమెచ్యూర్ (డబ్బు కోసం కాకుండా పతకాల కోసం ఆడే) హెవీవెయిట్‌లో మిగతావాళ్లందరినీ కొలవడానికి ఆయనే కొలబద్ద. డబ్బు వద్దని తన ఊళ్లోనే, తన జనం మధ్యే ఉండిపోవడం ఆ పేరును అభిమానంగా మార్చింది. వరస ముఖ్యం. ఆట లేకుండా ఒట్టి త్యాగం చేసి ఉంటే ఈపాటికి ఎవరికీ గుర్తుండేవాడు కాదు. అలీ సంగతి కింద చెప్తాను, మీ తమ్ముడి సంగతి చివర్లో.

ముందు ఒక అపోహ తీసేయాలి. అమెచ్యూర్ అనగానే మనవాళ్లలో చాలామంది 'ఇంకా నేర్చుకునే దశలో ఉన్నవాడు' అనుకుంటారు. అది తప్పు. అమెచ్యూర్ బాక్సింగ్ వేరే ఆట అని చెప్పినా తప్పులేదు. ఆ రోజుల్లో మూడు నిమిషాల రౌండ్లు మూడు, అంతే. తొమ్మిది నిమిషాల్లో మీరేంటో చూపించాలి. మొదటి రౌండ్ ఎదుటివాడిని చదవడానికి పోయిందా, మూడో వంతు బౌట్ పోయినట్టే. పైగా ఒలింపిక్స్‌లో గెలిచినకొద్దీ రోజుల తేడాలో మళ్లీ రింగెక్కాలి. కంటి మీద చిన్న కోత పడినా, వేలు బెణికినా అక్కడితో ఆఖరు. ప్రొఫెషనల్‌కి బౌట్‌కీ బౌట్‌కీ మధ్య నెలలు ఉంటాయి, ఎదుటివాడు ఎవరో ముందే తెలుసు, అతని వీడియోలు చూసి తయారవ్వచ్చు. అమెచ్యూర్‌కి డ్రా (ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే చీటీ) ఎలా పడితే అలా. ఇలాంటి చోట మూడు ఒలింపిక్స్, నాలుగేళ్ల చొప్పున ఎనిమిదేళ్లు, ఒకే బరువు క్యాటగిరీలో ఒక్కసారీ ఓడకుండా గెలవడం అంటే మాటలు కాదు. బాక్సింగ్‌లో మూడు ఒలింపిక్ స్వర్ణాలు ఇప్పటిదాకా ముగ్గురికే ఉన్నాయి. హంగరీ బాక్సర్ లాస్లో పాప్ (1948, 1952, 1956), స్టీవెన్సన్ (1972, 1976, 1980), మళ్లీ క్యూబా నుంచే ఫెలిక్స్ సవోన్ (1992, 1996, 2000). ఒకే బరువులో మూడూ గెలిచింది స్టీవెన్సన్, సవోన్ మాత్రమే.

ఇంకో మాట. ఇప్పుడు పాత వీడియోలు చూసే పిల్లలు అడుగుతారు, తలకు హెడ్‌గార్డ్ ఏది సార్ అని. ఒలింపిక్స్‌లో హెడ్‌గార్డ్ 1984లో వచ్చింది. స్టీవెన్సన్ ఆడిన మూడు ఒలింపిక్స్‌లోనూ తల మీద ఏమీ లేదు. ఆ కుడిచెయ్యి తగిలితే నేరుగా ఎముక మీదే.

ఆ కుడిచెయ్యి గురించి

మనిషి ఆరడుగుల అయిదంగుళాలు. నిటారుగా నిలబడతాడు, గెంతడు, భుజాలు వదులుగా ఉంటాయి. ఎడమ చెయ్యి ముందుకు చాచి ఎదుటివాడి మొహానికి జానెడు దూరంలో అలా ఆడిస్తూ ఉంటాడు. కొత్తగా చూసేవాళ్లకి అది తాత్సారంలా కనిపిస్తుంది. అది కొలత. దర్జీ టేపు పెట్టి చూసుకున్నట్టు దూరం కొలుచుకుంటున్నాడన్నమాట. ఎదుటివాడు ఆ చేతిని పక్కకు నెట్టడానికి తన గార్డ్‌లోంచి (మొహానికి అడ్డుపెట్టిన చేతుల్లోంచి) ఒక చెయ్యి తీశాడో, లేక ఆ చేతినే చూస్తూ తల నిలిపేశాడో, అప్పుడు కుడిచెయ్యి వస్తుంది. వెనక్కి లాగి, ఊపు తీసుకుని కొట్టడం ఉండదు. చెంప పక్కన ఉన్న చెయ్యి ఉన్నచోటు నుంచే తిన్నగా వస్తుంది. వెనక కాలి మడమ తిరగడం, నడుం తిరగడం, భుజం తిరగడం, చెయ్యి సాగడం, నాలుగూ ఒకే కదలికలా కనిపిస్తాయి. మా గురువుగారు అనేవారు, "చెయ్యి కొట్టదురా, మడమ కొడుతుంది" అని. ఆ మాట నాకు అర్థమైంది ఆయన ఒక వీడియో క్యాసెట్‌లో 1976 మాంట్రియల్ సెమీఫైనల్ చూపించిన రోజు. అమెరికా బాక్సర్ జాన్ టేట్ మొదటి రౌండ్‌లోనే పడిపోయాడు. ఆ ఒక్క దెబ్బనీ వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్లం, చివరికి టేపు అరిగి సరిగ్గా ఆ చోటే తెర మీద గీతలు పడేవి. ఆ టేట్ ఎవరో తెలుసా? మూడేళ్ల తర్వాత, 1979లో, ప్రొఫెషనల్‌లో డబ్ల్యూబీఏ (వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్) ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు.

ఇక్కడ పిల్లలకు నేను తప్పకుండా చెప్పే విషయం ఒకటుంది. చిన్నప్పుడు స్టీవెన్సన్‌కి ఆ ఎడమ చెయ్యి లేదు, కుడి ఒక్కటే ఉండేది. క్యూబా జట్టుకు సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన కోచ్ ఆంద్రేయ్ చెర్వొనెంకో, క్యూబా హెడ్ కోచ్ అల్సిదెస్ సగర్ర కలిసి ఆ ఎడమ చేతిని తయారుచేశారు. 1971లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడల్లో అమెరికా బాక్సర్ డ్యూయేన్ బాబిక్ చేతిలో స్టీవెన్సన్ ఓడిపోయాడు. మరుసటేడు మ్యూనిక్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో మళ్లీ అదే బాబిక్. పతకం బాబిక్‌దేనని చాలామంది అనుకుంటున్న రోజులవి. ఆ బౌట్ చూడండి, మొదటి రౌండంతా ఎడమ చేతి జాబ్‌తోనే (ముందు చేత్తో తిన్నగా కొట్టే దెబ్బతోనే) స్టీవెన్సన్ నడిపాడు. రెండో రౌండ్‌లో బాబిక్ మీద మీదకు వచ్చాడు. మూడో రౌండ్‌లో బాబిక్ పడటం, లేవడం, మళ్లీ పడటం, రెఫరీ ఆపేశాడు. ఏడాదిలో ఒక చెయ్యి నేర్చుకుంటే ఏమవుతుందో దానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నేను చూడలేదు.

సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ బాక్సర్ పీటర్ హుసింగ్ రెండో రౌండ్ దాటలేదు, అదీ వాళ్ల సొంత దేశం జనం ముందు. ఫైనల్లో రొమేనియా బాక్సర్ అయోన్ అలెక్సే చేతి గాయంతో రింగులోకే రాలేదు. మ్యూనిక్‌లో ఆ ఏడాది అన్ని బరువుల్లో కలిపి ఉత్తమ బాక్సర్‌కి ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ కూడా స్టీవెన్సన్‌కే వచ్చింది. హెవీవెయిట్ వాడికి ఆ ట్రోఫీ రావడం అరుదు. సాధారణంగా అది చిన్న బరువుల్లో చురుగ్గా ఆడేవాళ్లకు పోతుంది.

మా దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కిందట జాలరిపేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు, చిన్నప్పటి నుంచి వల లాగిన భుజాలు. కుడిచెయ్యి తగిలితే పంచింగ్ బ్యాగ్ గొలుసు మోగేది. బౌట్‌లో మాత్రం తగిలేది కాదు, ఎందుకంటే ఎప్పుడు కొడతాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోయేది. వాడికి నెలన్నర పాటు కుడిచేతిలో టెన్నిస్ బంతి పెట్టి, ఆ చేతిని చెంపకు ఆనించి, మూడు రౌండ్లూ ఎడమ చేత్తోనే స్పారింగ్ (ప్రాక్టీస్ బౌట్) చేయించాను. బంతి కింద పడితే ఇరవై పుషప్స్. వాడు మొదట్లో ఏడుపు మొహం పెట్టేవాడు, "సార్, నా బలం కుడిచెయ్యి కదా" అని. బాబిక్ బౌట్ చూపించాకే కుదురుకున్నాడు. ఆ తర్వాత రాష్ట్ర పోటీల్లో వాడి కుడిచెయ్యి తగలడం మొదలైంది. బలం ఏమీ పెరగలేదు, ఎడమ చెయ్యి దారి చూపించింది.

ఓటములు కూడా చెప్పాలి

అభిమానంతో రాసేవాళ్లు ఇవి దాటేస్తారు, నాకు అది నచ్చదు. ఆయన రికార్డు సాధారణంగా 302 గెలుపులు, 22 ఓటములుగా చెబుతారు. అందులో సోవియట్ బాక్సర్ ఇగోర్ వైసోత్స్కీ చేతిలో రెండుసార్లు ఓడిపోయాడు, రెండోసారి 1976లో మిన్స్క్‌లో నాకౌట్. వైసోత్స్కీ స్టీవెన్సన్ కన్నా బాగా పొట్టి. ఆ కొలిచే ఎడమ చేతి కిందనుంచి దూరి దగ్గరకు వచ్చేసేవాడు. దగ్గర పోరాటంలో స్టీవెన్సన్ అంత గొప్పవాడు కాదు. పక్కటెముకల మీద, పొట్ట మీద కొట్టే అలవాటు తక్కువ, దూరం పోయిందంటే ఇబ్బంది పడేవాడు. 1982లో ప్రపంచ పోటీల్లో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో దమియానీ చేతిలో ఓడాడు. అదీ మ్యూనిక్‌లోనే, పదేళ్ల కిందట మొదటి స్వర్ణం గెలిచిన ఊళ్లోనే. 1980 మాస్కో నాటికే దెబ్బలో కొంత పదును తగ్గింది. సెమీఫైనల్లో హంగరీ బాక్సర్ ఇష్త్వాన్ లేవై మూడు రౌండ్లూ నిలబడ్డాడు, ఒలింపిక్స్‌లో స్టీవెన్సన్ ముందు చివరి గంట మోగేదాకా నిలబడిన మొదటివాడు అతనే. ఫైనల్లో సోవియట్ బాక్సర్ ప్యోత్ర్ జాయెవ్ మీద 4-1తో (అయిదుగురు జడ్జిల్లో నలుగురి ఓటుతో) స్టీవెన్సన్ గెలిచాడు.

మరి అక్కడితో అయిపోయాడనుకున్నారు. 1984 లాస్ ఏంజెలెస్‌కి క్యూబా వెళ్లలేదు, సోవియట్ కూటమితో కలిసి బహిష్కరించింది. ఆ ఒలింపిక్స్‌లో సూపర్ హెవీవెయిట్ (అన్నిటికన్నా పెద్ద బరువు) స్వర్ణం గెలిచిన టైరెల్ బిగ్స్‌ను అదే ఏడాది మొదట్లో స్టీవెన్సన్ ఓడించి ఉన్నాడు. నాలుగో స్వర్ణం ఆయన చేతిలోంచి ఎవరూ కొట్టి లాక్కోలేదు. నాకు ఆ విషయం తలుచుకున్నప్పుడల్లా బాధే. కానీ 1986లో 34 ఏళ్ల వయసులో అమెరికాలోని రీనోకు వెళ్లి, అమెరికా గడ్డ మీద, ఫైనల్లో అమెరికా బాక్సర్ అలెక్స్ గార్సియానే ఓడించి మూడోసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొదటి రెండూ 1974 హవానా, 1978 బెల్‌గ్రేడ్. 1988 సియోల్‌కి కూడా క్యూబా పోలేదు, అంతటితో ఆయన ఆట ముగిసింది.

డబ్బు వద్దన్న సంగతి

మ్యూనిక్ తర్వాత అమెరికా ప్రమోటర్లు వెంటపడ్డారు. 10 లక్షల డాలర్లతో మొదలైన మాట తర్వాత తర్వాత 50 లక్షల దాకా వెళ్లిందని చెబుతారు, అదీ 1970ల డబ్బు. 80 లక్షల మంది క్యూబన్ల ప్రేమ ముందు 10 లక్షల డాలర్లు ఎంత అన్న అర్థంలో ఆయన చెప్పిన మాట ప్రపంచమంతా పాకిపోయింది. ఆ మాట విని చాలామంది 'తెలివితక్కువ పని' అనుకుంటారు, ఇంకొంతమంది 'దేవుడు' అంటారు. నా అభిప్రాయం రెండూ కాదు.

క్యూబాలో విప్లవం తర్వాత, 1960ల మొదట్లోనే, ప్రొఫెషనల్ క్రీడల్ని నిషేధించారు. కాబట్టి స్టీవెన్సన్ ముందు ఉన్నది 'అమెచ్యూర్‌గా ఉండాలా, ప్రొఫెషనల్‌గా మారాలా' అన్న మామూలు ప్రశ్న కాదు. మారాలంటే దేశం వదలాలి, అమ్మానాన్నల్ని మళ్లీ చూస్తానో లేదో తెలియకుండా వదలాలి. దేశం కూడా ఆయన్ని తన గొప్పతనానికి గుర్తుగా వాడుకుంది, ఇల్లూ కారూ ఇచ్చింది, ఫిదెల్ క్యాస్ట్రో పక్కన నిలబెట్టింది. ఇవన్నీ నిజాలే. 'ఒక్కడే కూర్చుని ఆలోచించి డబ్బును కాలదన్నాడు' అని చెబితే సగమే చెప్పినట్టు.

అలాగని బలవంతాన ఉండిపోయాడనడం కూడా సరికాదు. పోదలుచుకుంటే దారులు దొరికేవి, విదేశాలకు ఎన్నోసార్లు వెళ్లొచ్చాడు. తర్వాతి తరంలో హోయెల్ కాసమయోర్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు జట్టును వదిలి వెళ్లిపోయాడు. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన గియెర్మో రిగొందో కూడా 2009లో వెళ్లిపోయాడు. వాళ్లని నేను తప్పుపట్టను. వాళ్ల కాలం వేరు, సోవియట్ సాయం ఆగిపోయి క్యూబాలో తిండికే కటకటలాడిన రోజులు చూసినవాళ్లు. స్టీవెన్సన్ వెళ్లలేదు, వెళ్లనందుకు విచారిస్తున్నానని కూడా అనలేదు.

దీనికి వెనక ఇంకో చిన్న కథ ఉంది, నాకు బాగా ఇష్టమైనది. స్టీవెన్సన్ తండ్రి కరీబియన్ ద్వీపం సెయింట్ విన్సెంట్ నుంచి పని వెతుక్కుంటూ క్యూబాకు వచ్చినవాడు. తల్లిదండ్రులు స్థిరపడింది ప్యూర్తో పాద్రే అనే ఊరు, అక్కడే 1952 మార్చి 29న కొడుకు పుట్టాడు. ఆ తండ్రి కూడా మంచి పొడగరి, కుర్రతనంలో కొన్ని బౌట్లు ఆడి, కుర్ర బాక్సర్లకు డబ్బులిచ్చే దగ్గర జరిగే మోసం చూసి విసిగి వదిలేశాడు. కొడుకు మొదట తల్లికి తెలియకుండానే జిమ్‌కి వెళ్లేవాడు, తెలిశాక ఆమె మండిపడింది, చివరికి తండ్రి తోడుండాలన్న షరతు మీద ఒప్పుకుంది. ప్రమోటర్ల మాట ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ముందే తెలుసు. పది లక్షల డాలర్ల కాగితం ఆ కుర్రాడి కళ్లకు మనకు కనిపించినంత తళుకుగా కనిపించి ఉండదని నేను అనుకుంటాను.

రిటైరయ్యాక కూడా జనం ఎందుకు మర్చిపోలేదు

ఇక్కడ మన దగ్గరి ఉదాహరణ ఒకటి తప్పదు. పంజాబ్‌కు చెందిన కౌర్ సింగ్ సైన్యంలో పనిచేసిన హెవీవెయిట్, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. అంతకుముందు 1980 జనవరిలో ఢిల్లీలో ముహమ్మద్ అలీతో ఎగ్జిబిషన్ బౌట్ కూడా ఆడాడు. స్టీవెన్సన్‌కి దక్కనిది కౌర్ సింగ్‌కి దక్కింది. పద్మశ్రీ కూడా ఇచ్చారు. మరి రిటైరయ్యాక? ఆసుపత్రి ఖర్చులకు అప్పు చేయాల్సి వచ్చిందని 2017లో వార్తల్లో వస్తే తప్ప ఆయన బతికున్నాడని కూడా చాలామందికి గుర్తులేదు. 2023లో పోయారు. ఆ వార్త చదివిన రోజు మా జిమ్‌లో పిల్లల్ని రెండు నిమిషాలు నిలబెట్టాను. వాళ్లలో ఒక్కడికీ ఆ పేరు తెలియదు. అది వాళ్ల తప్పు కాదు, చెప్పని మాలాంటివాళ్లది.

అమెచ్యూర్ బాక్సర్ పేరు నిలబడాలంటే పతకం ఒక్కటీ చాలదు, ఆ మనిషి కళ్ల ముందు కనబడుతూ ఉండాలి. క్యూబాలో బాక్సింగ్ అంటే ఊరూరా ఉన్న ఆట, పిల్లవాడు బడి నుంచి ప్రాంతీయ శిక్షణ కేంద్రానికి, అక్కడి నుంచి జాతీయ జట్టుకు మెట్లెక్కే పద్ధతి ఉంది. స్టీవెన్సన్ గ్లవ్స్ విప్పాక ఆ పద్ధతిలోనే ఉండిపోయాడు, బాక్సింగ్ సమాఖ్యలో పనిచేశాడు, కుర్రాళ్లతో మెలిగాడు. హవానా వీధుల్లో జనానికి కనబడే మనిషి. సినిమా హీరోలా తెర మీద దూరంగా ఉండలేదు. 1996లో అలీ క్యూబాకు మందుల సాయం పట్టుకెళ్లినప్పుడు స్టీవెన్సన్ ఆయన పక్కనే ఉన్నాడు. ఇరవై ఏళ్లు జనం ఎదురెదురుగా చూడాలనుకున్న ఇద్దరూ స్నేహితుల్లా కలిశారు. 2012 జూన్ 11న హవానాలో గుండెపోటుతో స్టీవెన్సన్ పోయినప్పుడు వయసు 60. అలీ నివాళి చెబుతూ, మూడు స్వర్ణాలు గెలిచిన మనిషి ఏ హెవీవెయిట్ చాంపియన్‌కైనా గట్టి ప్రత్యర్థి అయ్యేవాడని అన్నాడు.

మనకూ ఒక లంకె ఉంది, చాలామందికి తెలియదు. క్యూబా కోచ్ బ్లాస్ ఇగ్లేసియాస్ ఫెర్నాండెజ్ 1990లో మన దేశానికి వచ్చి మన బాక్సర్లను తయారుచేశారు. 2012లో ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు, ఆ అవార్డు పొందిన మొదటి విదేశీ కోచ్ ఆయనే. 2008 బీజింగ్‌లో విజేందర్ కాంస్యం గెలిచే నాటికి మన శిక్షణలో క్యూబా పద్ధతి బాగా ఇంకిపోయింది. నేను కోచింగ్ నేర్చుకునేటప్పుడు దూరం, ఎడమ చెయ్యి, కాలు అని రోజూ వల్లె వేయించిన పాఠం అక్కడి నుంచి వచ్చిందే.

అలీతో ఆడితే?

మూడు రౌండ్లయితే 1974-76 నాటి స్టీవెన్సన్‌కి గట్టి అవకాశం ఉంది, మొదటి రౌండ్ నుంచే ఆ దూరం అతనిది. అప్పటి ప్రొఫెషనల్ టైటిల్ బౌట్‌లా పదిహేను రౌండ్లయితే అలీయే. ఇందులో నాకు పెద్ద అనుమానం లేదు. ఆరో రౌండ్ తర్వాత ఊపిరి ఎలా దాచుకోవాలి, అలసిపోయినప్పుడు ఎదుటివాడిని ఎలా పట్టుకుని విశ్రాంతి తీసుకోవాలి, ఇవన్నీ ఆడి నేర్చుకునేవే. స్టీవెన్సన్ నాలుగో రౌండ్ ఆడాల్సిన అవసరమే రాలేదు. అలీ, ఆయనతో తలపడిన అమెరికా చాంపియన్లు ఫ్రేజియర్, ఫోర్‌మన్ ముగ్గురూ ఒలింపిక్ స్వర్ణాలు (1960, 1964, 1968) గెలిచాకే ప్రొఫెషనల్‌లోకి వెళ్లి ఏళ్ల తరబడి ఆ రెండో చదువు చదివారు. స్టీవెన్సన్ కూడా వెళ్లి మూడు నాలుగేళ్లు చదివి ఉంటే అప్పుడు లెక్క వేరు. 1976 ఫైనల్లో రొమేనియా బాక్సర్ మిర్చా సిమోన్ రెండు రౌండ్లు తప్పించుకు తిరిగాడు, మూడో రౌండ్‌లో దెబ్బ తగలగానే అతని కార్నర్ (కోచ్ బృందం) ఓటమి ఒప్పుకుంటూ టవల్ వేసింది. అలీ పదిహేను రౌండ్లు అలా తిరగగలడు, పైగా తిరుగుతూ కొడతాడు.

మీ తమ్ముడి విషయం

స్టీవెన్సన్‌ని చూపించి 'ప్రొఫెషనల్‌లోకి పోకు' అని చెప్పకండి. ఆయన వెనక ఒక దేశం మొత్తం నిలబడింది, తిండి, ఇల్లు, కోచ్, డాక్టర్ దిగులు లేదు. మీ తమ్ముడి వెనక ఎవరున్నారు అన్నది మొదటి ప్రశ్న. మన దగ్గర అమెచ్యూర్ దారిలో సర్వీసెస్ (సైన్యం), రైల్వే, పోలీస్ కోటా ఉద్యోగాలున్నాయి. నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది, 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అందరూ నిఖత్‌లు కాలేరు, కానీ రాష్ట్ర, జాతీయ పతకంతో ఉద్యోగం తెచ్చుకుని ఇల్లు నిలబెట్టిన పిల్లలు నా దగ్గరే ఉన్నారు.

ప్రొఫెషనల్ వైపు పోయిన కుర్రాడూ నా దగ్గర ఒకడున్నాడు. ఇరవై ఏళ్లకే ఒక ప్రమోటర్ మాట నమ్మి ఉద్యోగం ట్రయల్స్ వదిలేసుకున్నాడు. నాలుగు రౌండ్ల బౌట్లు మూడు ఆడాడు, రెండోదాని డబ్బు సగమే వచ్చింది, మూడోదాంట్లో కుడిచేతి ఎముక విరిగింది. ఒప్పందంలో వైద్యం ఖర్చు ఎవరిదో రాయలేదు. ఆ కాగితం నేను ముందే చూసి ఉండాల్సింది, వాడు చూపించలేదు, నేను అడగలేదు, అది ఇప్పటికీ నన్ను పీకుతూనే ఉంటుంది. కాబట్టి మీ తమ్ముడు వెళ్లినా సరే, ఒప్పందం లాయర్‌కి చూపించండి, గాయమైతే ఖర్చు ఎవరిదో రాయించండి, డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తేదీతో రాయించండి. ముందు కనీసం రెండు మూడేళ్లు జాతీయ స్థాయిలో అమెచ్యూర్ ఆడనివ్వండి. ఇంటర్ వయసు పిల్లవాడికి తొందరేమీ లేదు.

ఇంకొకటి, ఈ ఆదివారం వాడిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు బౌట్లు చూడండి, 1972 బాబిక్ బౌట్, 1976 టేట్ బౌట్. మొదటిసారి మామూలుగా చూడనివ్వండి. రెండోసారి స్టీవెన్సన్ చేతులు చూడొద్దని, కాళ్లే చూడమని చెప్పండి. ఎడమ పాదం ఎదుటివాడి పాదానికి ఎంత దూరంలో ఆగుతుందో, దెబ్బకు ముందు వెనక మడమ ఎప్పుడు లేస్తుందో చూసి చెప్పమనండి. వాడు ఏం చెప్పాడో ఇక్కడ రాయండి, దాన్నిబట్టి వాడి ప్రాక్టీస్‌కి ఏం కావాలో నేను చెప్తాను.